గురువుగారూ, దీపం!

లారీ గురువుగారిని చూడాలంటే గుడివాడలోనో, బందరులోనో, అవనిగడ్డలోనో లారీలు ఆగే టీ కొట్టు దగ్గర నిలబడితే చాలు. ఆయన బండిని చెవితో నడుపుతారు. ఇంజిన్ దగ్గితే నాజిల్ అంటారు, మూలిగితే బేరింగ్ అంటారు. నల్లటి పొగ కక్కిందంటే "లోడు లాగుతోందిరా" అని మురిసిపోతారు.

2020 ఏప్రిల్ 1న బీఎస్-6 కాలుష్య నిబంధన వచ్చి ఆ మురిపెం కాస్తా లాగేసుకుంది. కొత్త బండి పొగ బయటపెట్టదు. సైలెన్సర్ దారిలో డీపీఎఫ్ అనే జల్లెడ మసిని పట్టి ఉంచుతుంది. అది నిండితే ఇంకాస్త డీజిలు చిమ్మి, దాదాపు 600 డిగ్రీల వేడి పుట్టించి, ఆ మసిని కాల్చేసుకుంటుంది. కంపెనీవాళ్ళు దీన్ని రీజనరేషన్ అంటారు. గురువుగారు "కొత్తల్లుడి అలక" అంటారు. తీరేదాకా కదలడు, తీర్చకపోతే పరువు తీస్తాడు.

హైవే మీద ఏకబిగిన పోతే ఆ వేడికే చాలావరకు మసి కాలిపోతుంది. దివిసీమలో ఏకబిగిన పోయేదెక్కడ? కల్లం నుంచి మిల్లుకి, మిల్లు గేటు ముందు ఇంజిన్ ఆపకుండా వరసలో పడిగాపులు, మళ్ళీ కాలవ గట్టు మీద గేదెల వెనక సెకండ్ గేరు.

"గురువుగారూ, దీపం!" అంటాడు క్లీనర్, డాష్‌బోర్డు మీద వెలిగిన డీపీఎఫ్ హెచ్చరిక చూపించి.

"ఎలగనీరా, చీకటి పడింది గదా."

మర్నాటికి దీపం మిణుకుమంటుంది. బండి నీరసిస్తుంది. చల్లపల్లి దాటేసరికి ధాన్యం ట్రాక్టరు హారన్ కొట్టి మరీ ముందుకెళ్ళిపోతుంది. అంతటి అవమానం జరిగితే తప్ప ఆయన బండి ఆపరు. ఆపడమూ నీడ ఉందని గడ్డివాము పక్కనే! క్లీనర్ లబలబలాడితే ముందుకి జరిపి, న్యూట్రల్ చేసి, హ్యాండ్‌బ్రేకు వేసి, రీజనరేషన్ స్విచ్ నొక్కుతారు. ఇంజిన్ దానంతటదే రేజవుతుంది. అరగంట పట్టే పని. పది నిమిషాలకే "డీజిలు నీ అబ్బ పోయించాడా?" అని తాళం తిప్పేస్తారు. కథ మళ్ళీ మొదటికి.

ఇంకో ట్యాంకులో పోసే యూరియా ద్రావణం మీదా ఆయనకి ఓ పథకం ఉంది. "సొసైటీలో బస్తా తెచ్చి బకెట్లో కలిపితే పోలా?" పొలానికి చల్లే వేపపూత యూరియా పోస్తే పొగని శుద్ధి చేసే ఏర్పాటంతా పాడవుతుందని షోరూమువాళ్ళు మొత్తుకున్నా "ఆళ్ళ యాపారం ఆళ్ళది" అంటారు. అయితే, "బందరు రోడ్డెక్కించి ఓసారి గట్టిగా లాగించరా, గొంతు ఖాళీ అవుద్ది" అనేదీ ఆయనే. లాప్‌టాప్ తగిలించి చూసే మెకానిక్ చెప్పేదీ ఇంచుమించు అదే, బిల్లు వేసి చెబుతాడు.

మొన్న రెండోసారి స్విచ్ నొక్కి కూర్చున్నారు. మిల్లు గుమాస్తా ఫోన్.

"ఏమయ్యా, లోడెక్కడ?"

"కాలుతోందండీ."

"ఏంటి కాలేది?"

"లోపలండీ. 600 డిగ్రీలంట. అరగంట ముట్టుకోవద్దన్నారు."

"మరి ధాన్యం?"

"దానికేమీ కాలేదండీ, ఇప్పటిదాకా."

గుమాస్తా ఫోన్ పెట్టేశాడు. కాసేపటికి గంట కొట్టుకుంటూ ఫైరింజను వచ్చి ఆగింది. గురువుగారు తాపీగా దిగి దాని చుట్టూ ఓసారి తిరిగి, డ్రైవరుని పక్కకి పిలిచారు.

"తమ్ముడూ, నీ బండికీ ఎలుగుద్దా ఈ దీపం?"