జానెడు చీలిక

2003 వేసవి. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో వీణలు చేసే ఒక ఇంటికి ఓ గుమస్తా తన ఎనిమిదేళ్ల కూతురిని వెంటబెట్టుకుని వచ్చాడు. పిల్ల వీణ నేర్చుకుంటానని పట్టుబట్టింది. వెల కనుక్కుందామని వచ్చాడు.

అరుగు మీద ముసలాయన పనస మొద్దును ఉలితో తొలుస్తున్నాడు. విడివిడిగా చేసి అతికించే వీణలూ ఉన్నాయి, అవి చవక. ఏకాండి వీణ అలా కాదు. కుండ, దండి అంతా ఒకే మొద్దులోంచి రావాలి. బొబ్బిలి వీణకి పేరు తెచ్చింది ఆ పనితనమే. ఉలి ఒక్కసారి దారి తప్పిందా, మొద్దు మొత్తం పోయినట్టే.

ఏకాండి వెల గుమస్తా మూడు నెలల జీతం.

అలా ఉలి తప్పిన వీణ ఒకటి మూలన గోడకి ఆనించి ఉంది. కుండ మీద జానెడు చీలిక. పిల్ల అప్పటికే దాని పక్కన చేరి కూర్చుంది.

"పోనీ బాబూ, పాపకి ఇది..." అన్నాడు ముసలాయన.

గుమస్తా చీలిక మీద బొటనవేలు ఆనించి ఈ కొస నుంచి ఆ కొస దాకా రాశాడు. ఆయన మాట పూర్తి కానివ్వలేదు.

"వద్దండి. కొంటే మంచి ఏకాండీయే కొంటాను. అందాకా ఆగుతాం."

మర్నాడే పోస్టాఫీసులో అయిదేళ్ల ఆర్డీ కట్టడం మొదలుపెట్టాడు. హోటల్ టిఫిన్ మానేశాడు. ఆఫీసుకి నడిచే వెళ్లాడు. 2008లో చేతికొచ్చిన డబ్బు కారుతున్న ఇంటి కప్పుకి పోయింది. 2013లో వచ్చింది కాలేజీ ఫీజుకి పోయింది. రెండుసార్లూ మళ్లీ కొత్త పాసుపుస్తకం తీశాడు. అప్పు చెయ్యలేదు, తక్కువ రకానికి దిగలేదు. అంత నిబ్బరం అందరికీ ఉండదు.

పిల్ల మొదటి నాలుగేళ్లు అడిగింది. తర్వాత అడగలేదు.

2018లో మూడో ఆర్డీ పూర్తయింది. వీణ తయారైందని కబురొచ్చాక, బెంగళూరు నుంచి సెలవు మీద వచ్చిన కూతురిని తీసుకుని గొల్లపల్లి వెళ్లాడు. నల్లటి మైనంలో కుదురుగా నిలబెట్టిన ఇరవై నాలుగు మెట్లు, ఏడు తీగలు. చుట్టూ తిరిగి చూశాడు. ఎక్కడా అతుకు లేదు. గుమస్తా కళ్లు చెమర్చాయి.

"ఒక్క వరస వాయించు తల్లీ, శ్రుతి చూసుకుందాం" అన్నాడు ముసలాయన.

"నాకు రాదు తాతా."

ముసలాయన లోపలికి కేకేశాడు. పదిహేనేళ్ల మనవరాలు వచ్చి, వీణ ముందు కూర్చుని వర్ణం అందుకుంది. దారిన పోయేవాళ్లు ఆగారు.

"దేనిమీద నేర్చుకున్నావమ్మా?" అని అడిగాడు గుమస్తా.

ఆ పిల్ల లోపలికి వెళ్లి తన వీణ తెచ్చింది. దాని మెట్లు అరిగి గాట్లు పడ్డాయి. కుండ మీద జానెడు పొడవున మైనం నింపిన గీత. గుమస్తా బొటనవేలు ఆ గీత మీద ఆగిపోయింది.

కూతురు వంగి చూసింది.

"అప్పుడు దీనికెంత అడిగారు తాతా?"

"వెల ఎక్కడిది తల్లీ. నీకు ఊరికే ఇద్దామనుకున్నాను."