తలుపున్న వల

నన్ను చూసి కిటికీ గ్రిల్ అనుకునేవాళ్లే ఎక్కువ. "ఎంతకిస్తారు బాబూ?" అని బేరమాడిన పెద్దమనిషి కూడా ఉన్నాడు. కోడిగుడ్డు ఆకారంలో స్టీలు చట్రాన్ని, లోపల నిలువు చువ్వలు. ఎత్తు మీటరు, వెడల్పు దానికి కాస్త తక్కువ. అధికారులు నన్ను 'టెడ్' (టర్టిల్ ఎక్స్‌క్లూడర్ డివైస్) అంటారు. మా స్టాలు పిల్లలు 'తాబేలు జల్లెడ' అంటారు. నా తోబుట్టువులు సముద్రంలో ట్రాల్ వలల్లో పని చేస్తాయి. నేను మాత్రం ఉప్పునీళ్లు ఎరగను. విశాఖలో అక్టోబరు 2 నుంచి 8 దాకా జరిగే వన్యప్రాణి వారోత్సవాల్లో, మే 23న తాబేళ్ల దినోత్సవాన, బళ్లలో సైన్స్ ప్రదర్శనల్లో నిలబడటమే నా ఉద్యోగం.

మా వంశానికి మూలపురుషుడు ఏ శాస్త్రవేత్తో కాదు, రొయ్యలు పట్టుకునే మనిషి. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో సింకీ బూన్ అని ఒకాయన ఉండేవాడు. వల నిండా జెల్లీఫిష్ పడి ప్రాణం విసిగి, 1960ల చివర్లో వాటిని బయటికి తోసేయడానికి చువ్వల చట్రం బిగించాడు. తాబేళ్లకూ అదే దారి అయింది. మన సముద్రానికి, మన బోట్లకు తగిన కొలతలు మాత్రం కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక పరిశోధన సంస్థ ఇచ్చింది. చువ్వకూ చువ్వకూ మధ్య సందు 14 సెంటీమీటర్ల పైచిలుకు.

మా గుడారంలో జనం ముందు ఎగబడేది నా దగ్గరికి కాదు. గుడ్డులోంచి తల బయటపెట్టిన బుజ్జి తాబేలు ఫొటో ఒకటుంది. "అయ్యో, ఎంత ముద్దుగా ఉందో!" అంటూ దాని ముందు సెల్ఫీలు. తప్పేం లేదు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా మన తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి, ఒక్కో గూట్లో వందకు అటూ ఇటూ. కుక్కలు తవ్వకుండా వాటిని కంచె లోపలికి చేర్చి, పిల్లలు బయటికొచ్చాక సముద్రంలో వదిలేవాళ్ల కష్టం తక్కువది కాదు. కానీ ఆ ఫొటో దగ్గరే ఆగిపోతే కథ సగమే తెలుస్తుంది.

మిగతా సగం చింతపిక్కల్లో ఉంటుంది. స్టాలు అమ్మాయి ఒక ప్లాస్టిక్ టబ్బు నిండా వెయ్యి చింతపిక్కలు పోసింది. ఒక్క పిక్కకే తెల్లరంగు. "కనిపెట్టండి చూద్దాం" అంటుంది. పిల్లలు మోచేతుల దాకా ముంచి కెలుకుతారు. గొడవపడతారు, నేల మీద ఒలకబోస్తారు. చివరికి ఎవడికో దొరుకుతుంది. "ఇన్ని పిల్లల్లో పెరిగి పెద్దయ్యేది దాదాపు ఆ ఒక్కటే. గుడ్లు పెట్టే ఈడు రావడానికి పదేళ్ల పైనే పడుతుంది. అలాంటి తల్లి వలలో పడిపోతే?" అని ఆమె అడిగే వేళకి టబ్బు చుట్టూ అల్లరి సద్దుమణుగుతుంది. తాబేలుకు మొప్పలు లేవు, ఊపిరితిత్తులున్నాయి. గాలికోసం పైకి రావాల్సిందే. ట్రాల్ వలను గంటల తరబడి సముద్రపు నేల మీద ఈడుస్తుంటే లోపల చిక్కిన తాబేలు నీళ్లలోనే ఊపిరాడక చస్తుంది.

అప్పుడొస్తుంది నా వంతు. వల గొట్టంలో, చివరి సంచికి కాస్త ముందు, నన్ను ఏటవాలుగా కట్టి ఉంచుతారు. అమ్మాయి గుప్పెడు ఎండు రొయ్యలు విసురుతుంది. చువ్వల సందుల్లోంచి దూరి సంచిలో పడతాయి. తర్వాత గుడ్డతో కుట్టిన తాబేలును తోస్తుంది. అది నాకు తగిలి, వాలు వెంట పైకి జారి, వల కప్పులో కోసిన కంత మీది వలగుడ్డను తోసుకుని బయటపడుతుంది. పిల్లలు మళ్లీ మళ్లీ తోస్తారు. నా చువ్వలకు అంటిన ఎండు రొయ్యల వాసన సాయంత్రం దాకా పోదు.

మధ్యలో వింత ప్రశ్నలకూ కొదవ లేదు. "ఇంట్లో తాబేలును ఏ మూల పెడితే కలిసొస్తుందమ్మా?" అని ఒకాయన. "ఇత్తడిదైతే మీ ఇష్టం బాబాయ్. నక్షత్ర తాబేలును పెంచితే మాత్రం నేరం, కలిసొచ్చేది కేసే" అని ఆమె జవాబు.

నన్ను నిజంగా పరీక్షించింది మాత్రం హార్బర్ నుంచి వచ్చిన ఒక సరంగు. చువ్వల మధ్య పిడికిలి పెట్టి చూశాడు, కంత మీది గుడ్డ ఎత్తి చూశాడు. "పెద్ద టేకు చేప వస్తే?" అన్నాడు. ఆమె దాచలేదు. "పోతుందన్నా. సందులో పట్టనిదేదైనా పోతుంది. రొయ్యల నష్టం మాత్రం పరీక్షల్లో చాలా తక్కువే తేలింది. దుంగలు, పెద్ద జెల్లీఫిష్ కూడా పోతాయి, సరుకు నలగదు." ఆయన నవ్వాడు. "ముందు పక్క బోటువాడికి కట్టండమ్మా, తర్వాత నాకు." ఆ మాటకు మా స్టాల్లో పోస్టరు లేదు.

ఆయన మాట ఊరికే రాలేదు. జల్లెడ లేని వలతో పట్టిన రొయ్యను కొనబోమని అమెరికా 1989లో చట్టం చేసింది. భారత్, మలేసియా, పాకిస్తాన్, థాయిలాండ్ ఆ నిబంధన మీద ప్రపంచ వాణిజ్య సంస్థకెక్కాయి. చట్టాన్ని అమలు చేసిన తీరులో వివక్ష ఉందని 1998లో తీర్పు వచ్చింది, అయినా చట్టం పోలేదు. చెరువుల్లో పెంచే వనామీ రొయ్యకు ఆ బెడద లేదు, దెబ్బంతా సముద్రంలో పట్టేవాడికే. పైగా తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. తాబేళ్లు తీరానికి వచ్చే నెలలు చాలావరకు అప్పటికే గడిచిపోతాయి. అంటే వాటిని కాచే బాధ్యత నిషేధానిది కాదు, వలదే.

అందుకే ఈసారి నన్ను నిషేధం రోజుల్లో హార్బర్‌కే తీసుకుపోవాలని మా వాళ్లు అనుకుంటున్నారు. బోట్లు ఒడ్డునుంటాయి, వలలు బాగుచేస్తుంటారు, మాట్లాడే తీరిక ఉంటుంది. అక్కడ చింతపిక్కలతో పని లేదు. ఆ లెక్క వాళ్లకు మనకంటే బాగా తెలుసు. అక్కడ తేలాల్సింది వేరే లెక్క: రేవులో బోట్లన్నీ ఒకేసారి కట్టేదెలా, పోయిన చేప ఖరీదు ఎవరు భరించేది? ఆ జవాబు నా చువ్వల్లో లేదు. ఫొటో ముందు "అయ్యో" అన్నవాళ్లే ప్రభుత్వాన్ని అడగాలి, ఎండు రొయ్యల వాసన అంటిన చేతులతోనే.