పీపాలు కాచిన నేలమాళిగను

నా నెత్తిన ఇప్పుడు కార్లు ఆపుకుంటున్నారు. అడుగున నేనున్నానని వాళ్లకు తెలియదు.

మాది జర్మనీలోని మ్యూనిక్. ఈజార్ నదికి తూర్పు గట్టున ఉన్న హైద్‌హౌజెన్ పేట. ఇటుక బట్టీలవాళ్లూ కూలీలూ ఉండే ఆ శివారు 1854లో నగరంలో కలిసింది. నది అవతల కాస్త తవ్వితే నీళ్లు ఊరేవి. మా గట్టు ఎత్తు, అడుగంతా గులకనేల. అందుకే బీరు కాచేవాళ్లు ఒకరి వెనక ఒకరు వచ్చి ఇక్కడ మాళిగలు తవ్వించారు.

ఎండల్లో కాచిన బీరు చెడిపోయేది. ఏప్రిల్ 23 నుంచి సెప్టెంబరు 29 దాకా బీరు కాయకూడదని 1553లోనే మా బవేరియా ప్రాంతంలో ఆజ్ఞ వెలువడింది. ఆ అయిదు నెలలూ జనం తాగింది మాలో దాచిన బీరే. చలికాలంలో గడ్డకట్టిన మంచును కోసి, బళ్లకెత్తి తెచ్చి నాలో నింపేవారు. బయట ఎండ మండుతున్నా నా ఒడిలో ఈస్ట్ నింపాదిగా పనిచేసేది. నాకు నీడ కోసం పైన చెస్ట్‌నట్ చెట్లు నాటారు. వాటి ఆకులు వెడల్పు. వేళ్లు లోతుకు పోవు గనక నా కమానులకు భయం లేదు. ఆ నీడకు జనం చేరారు, మాళిగలవాళ్లు అక్కడే బీరు అమ్మసాగారు. నగరంలో బేరాలు పోతున్నాయని మిగతా వ్యాపారులు మొరపెట్టుకున్నారు. 1812 జనవరి 4న బవేరియా రాజు మొదటి మాక్సిమిలియన్ జోసెఫ్ తీర్పు చెప్పాడు: బీరు అమ్ముకోవచ్చు, తినడానికి రొట్టె తప్ప ఏదీ పెట్టకూడదు. జనం ఇంటి నుంచే తిండి తెచ్చుకున్నారు. ఇక్కడి బీరు తోటల్లో ఆ అలవాటు ఇవాళ్టికీ ఉంది.

1870ల్లో కార్ల్ ఫొన్ లిండే చలువ యంత్రం మ్యూనిక్‌లోనే పుట్టింది. ఆయన మీద నాకు కోపం లేదు, లోకానికి మేలు చేసినవాడు. మంచు బళ్లు మాత్రం తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయాయి.

నా కోపమంతా ఆ తర్వాతి యజమానుల మీద. విరిగిన బల్లలు, తుప్పుపట్టిన పీపా కడియాలు నాలోకి విసిరారు. గోడలు చెమ్మపట్టి ఇటుకలు రాలుతుంటే ఒక్కరూ దీపం పట్టుకుని దిగలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులు పడినప్పుడే అందరికీ గుర్తొచ్చాను. తల్లులు బిడ్డలను ఎత్తుకుని నా మెట్లు దిగారు. ఆ రాత్రులు వాళ్లను కాచాను. నా బతుకులో బీరుకన్నా గొప్ప పని అదే. యుద్ధం ముగిశాక తలుపుకు తాళం పడింది. పైన కూలిన గోడల రాళ్లూ రప్పలూ నాలోకే తోశారు. సగం దాకా పూడిపోయాను.

మ్యూనిక్ బీరుకు పేరు తెచ్చినవి మాలాంటి మాళిగలే. ఇంకా నిలిచి ఉన్నవాటి మీద కొత్త కట్టడం లేపే ముందు, అయ్యా, ఒక్కసారి మెట్లు దిగి చూడండి. చెత్తతో మాత్రం పూడ్చకండి.