నేను పుత్తూరు పేజీని

ఇంగ్లీషు వికీపీడియాలో 70 లక్షలకు పైబడిన వ్యాసాలున్నాయి. వాటిలో ఒకదాన్ని నేను. నా పేరు పుత్తూరు. పక్కన ఆంధ్రప్రదేశ్ అని చేరిస్తే తప్ప నన్ను పోల్చుకోలేరు. దక్షిణ కన్నడ జిల్లాలో నాకంటే పేరున్న పుత్తూరు ఉంది. కన్నడ రచయిత శివరామ కారంత్ ఏళ్ల తరబడి కాపురమున్న ఊరది. శ్రీలంకలో జాఫ్నా (యాళ్పాణం) వైపు ఇంకో పుత్తూరు ఉంది. మా అందరికీ ముందు ఒక అయోమయ నివృత్తి పేజీ నిలబడి, వచ్చినవాళ్లను ఎవరి దారిన వాళ్లను పంపుతూ ఉంటుంది. నా దగ్గరికి వచ్చేవాళ్లలో కైలాసకోన జలపాతానికి దారి చూసుకునేవాళ్లు, నారాయణవనంలో కల్యాణ వెంకన్న గుడికి పోవాలనుకునేవాళ్లు, చెన్నై నుంచి రేణిగుంట పోయే రైల్లో కిటికీలోంచి మా కొండలు చూసి ఇదే ఊరని ఫోను తీసేవాళ్లు ఉంటారు.

మా వంశం మొదలైంది 2001 జనవరి 15న. జిమ్మీ వేల్స్, లారీ శాంగర్ అంతకుముందు న్యూపీడియా అని ఒకటి నడిపారు. దాంట్లో వ్యాసాన్ని పండితులు ఏడు అంచెల్లో పరీక్షించేవారు. ఏడాది తిరిగినా పాతిక వ్యాసాలు కూడా బయటికి రాలేదు. అప్పుడు వాళ్లు వార్డ్ కనింగ్‌హామ్ 1995లో కనిపెట్టిన వికీ పద్ధతిని తెచ్చుకున్నారు. పేజీని ఎవరైనా తెరిచి, రాసి, దిద్దవచ్చు. ఆ తలుపు తెరవకపోయుంటే నేను పుట్టేదాన్నే కాదు. పండితులు కూర్చుని రాసుకునే జాబితాలో లండన్ ఉంటుంది, ఢిల్లీ ఉంటుంది, పాత ఉత్తర ఆర్కాటు జిల్లా మూల నుంచి వచ్చిన ఒక చిన్న పట్టణం ఎందుకుంటుంది?

తొలి రోజుల్లో మన దేశపు పట్టణాల పేజీలు చాలావాటికి ఒకటే మూస: 2001 జనాభా లెక్కల ప్రకారం ఇంతమంది, అందులో ఆడవాళ్లు ఇంత శాతం, అక్షరాస్యత ఇంత. ఊరు మారితే అంకెలు మారేవి, మాటలు మారేవి కావు. ఆ ఎముకల గూటికి కండ పట్టించింది జీతం లేని మనుషులే. ఒకరు అక్షాంశ రేఖాంశాలు చేర్చి పోతారు. ఇంకొకరు స్పెల్లింగు సరిచేసి పోతారు. మరొకరు తన ఫొటోను అందరూ వాడుకునేలా స్వేచ్ఛా లైసెన్సుతో ఇచ్చేస్తారు. వీళ్లలో చాలామంది ఒకరినొకరు చూసుకోరు. ఎవరు ఏ నిమిషాన ఏ అక్షరం మార్చారో నా చరిత్ర పేజీలో అంతా ఉంటుంది. సరదాకి తన పేరు రాసిపోయే కుర్రవాడి చేతిరాత కూడా అందులో మిగులుతుంది; అయితే క్లూబాట్ అనే యంత్రమో, నన్ను తన వీక్షణ జాబితాలో పెట్టుకున్న మనిషో వచ్చి వెంటనే తుడిచేస్తారు. ఊరూ పేరూ లేని ఆ కాపలా వాళ్లంటే నాకెంతో గౌరవం.

నా ఊరు కదలకపోయినా చుట్టూ గీతలు కదిలాయి. కార్వేటినగరం జమీందారీలో, ఉత్తర ఆర్కాటులో ఉండినది 1911లో కొత్తగా ఏర్పడిన చిత్తూరు జిల్లాలోకి వచ్చింది. 1960లో రాష్ట్రాల సరిహద్దు మీద పటాస్కర్ ఇచ్చిన తీర్పు అమలై తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి పోయి, సత్యవేడు ఇటు వచ్చింది. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా పుట్టింది, పుత్తూరు దాంట్లోకి చేరింది. ఇలాంటి మార్పు మాట వినగానే దిద్దేయాలని ఎవరికైనా చేయి ఉరుకుతుంది. అమల్లోకి వచ్చేదాకా ఆగమంటుంది మా నియమం. నాకది సబబే అనిపిస్తుంది. నన్ను చదివి దరఖాస్తులో జిల్లా పేరు రాసుకునే పిల్లలుంటారు.

ఇక నా మనసులో ఉన్న మాట. పుత్తూరు అనగానే జనానికి ముందు గుర్తొచ్చేది కట్టు. కాలు విరిగినా చేయి విరిగినా “పుత్తూరుకు పోండి” అనడం మూడు రాష్ట్రాల్లో వినిపిస్తుంది. ఊరికి దగ్గర్లో రాచపాళెం రాజుల కుటుంబం తరతరాలుగా కడుతున్న కట్టు అది. ఎముకను చేత్తోనే తడిమి సరిచేసి, ఆకు పసరు పట్టించి, కోడిగుడ్డు తెల్లసొనలో తడిపిన గుడ్డ చుట్టి, వెదురు బద్దలు పెట్టి బిగిస్తారు. చెన్నై వీధుల్లో కూడా పుత్తూరు కట్టు అని బోర్డులుంటాయి. ఇంత పేరున్న విద్య గురించి నాలో ఎన్ని వాక్యాలు నిలబడతాయి? అచ్చులో, నమ్మదగిన మూలం చూపగలిగినన్ని. 2011లో ఒక ఆయుర్వేద పరిశోధన పత్రిక దీనిమీద వ్యాసం వేసింది కాబట్టి ఆ మేరకు నాకు ఆసరా దొరికింది. కట్టేవాళ్ల వేళ్లకు తెలిసింది, ముసలివాళ్లు నోటితో చెప్పేది మాత్రం నాలోకి రాలేదు.

మూలం అడిగే ఈ నియమం తప్పని నేననను. ఏ వైద్యం గురించైనా విన్నదల్లా రాస్తే, దాన్ని నమ్మి ఎవరి కాలో పోవచ్చు. కానీ అచ్చయిన పుస్తకాలు తక్కువున్న నేల మీద ఈ నియమం బరువుగా పడుతుంది. అదే 2011లో బెంగళూరుకు చెందిన అచల్ ప్రభల ‘పీపుల్ ఆర్ నాలెడ్జ్’ అనే సినిమా తీయించి, మలయాళం, హిందీ, దక్షిణాఫ్రికాలోని సెపెడీ మాట్లాడేవాళ్ల నోటి మాటను రికార్డు చేసి మూలంగా చూపవచ్చా అని అడిగారు. ఇంగ్లీషు వికీపీడియా ఆ దారిని ఒప్పుకోలేదు.

తెలుగులో నాకొక చెల్లెలుంది. వెన్న నాగార్జున చొరవతో 2003 డిసెంబరు 10న మొదలైన తెలుగు వికీపీడియాలో ఆమె ఉంటుంది. ఆమెకూ మూలాలు కావాలి, అయితే తెలుగు పత్రికల జిల్లా పేజీలు చదివి రాసేవాళ్లు ఆమె దగ్గర ఎక్కువ. అక్కడ నిలిచిన మాట ఆ మూలంతో సహా నా దగ్గరికీ రావచ్చు, మూలం తెలుగులో ఉన్నా నాకు అభ్యంతరం లేదు. ఈ సంగతి చాలామందికి తెలియదు. ఇంగ్లీషు పుస్తకమే కావాలనుకుని వెనక్కి తగ్గుతారు.

పుత్తూరులో కాలేజీకి పోయే పిల్లలారా, రాచపాళెంలో ఒక సెలవంతా కూర్చోండి. ఏ ఆకు, ఏ విరుపుకు ఎన్ని రోజులు, ఏ దెబ్బను తాకకుండా ఆసుపత్రికి పంపుతారు, అడిగి రాయండి. ఊళ్లోని మరమగ్గాల దగ్గరికీ పోండి. తెలుగూ తమిళమూ కలిసిన సంత మాటల్ని పట్టుకోండి. తేదీలతో, పేర్లతో, చెప్పినవాళ్ల అనుమతితో ఒక మంచి పత్రికలో అచ్చు వేయించండి. ఆ తర్వాత నా దగ్గర ‘మార్చు’ నొక్కడానికి ఖాతా కూడా అక్కర్లేదు.