చెక్‌అవుట్ ఉన్న దీవి

దీవి అంటే ఛత్తీస్‌గఢ్‌లోని మా దోర్నపాల్ వాళ్లకు కొత్తేమీ కాదు. గోదావరికి వరదొస్తే కూనవరం దగ్గర కలవాల్సిన శబరి నీళ్లు వెనక్కి ఎగదన్నుతాయి. కుంట, చింతూరు మధ్య హైవే మునుగుతుంది. ఇటు సుక్మా వైపు వాగులు కూడా అదే సమయం చూసుకుని పొంగాయంటే, సరే, మేం దీవిలో ఉన్నట్టే. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు మా బజార్లో ముందు ఉల్లిపాయలు అయిపోయాయి, తర్వాత కూరగాయలు, ఆఖరికి కబుర్లు కూడా అయిపోయాయి. ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటూ కూర్చున్నాం.

అలాంటి మాకు హైదరాబాదులో ఉండే మేనల్లుడు ఫోన్ చేసి, "మావయ్యా, మీ ఇద్దరికీ అండమాన్‌లో రిసార్టు బుక్ చేశాను. దీవి. ఫోన్లు సరిగ్గా పనిచేయవు, ఎవరూ రారు, హాయిగా ఉంటుంది" అన్నాడు. మా ఆవిడ ఫోన్ లాక్కుని, "ఒరేయ్, ఆ మాత్రానికి డబ్బులు కట్టావట్రా?" అంది.

కట్టేశాడు కాబట్టి వెళ్లాం. భద్రాచలం మీదుగా హైదరాబాదు, అక్కడి నుంచి విమానంలో పోర్ట్ బ్లెయిర్. 2024లో దానికి శ్రీ విజయపురం అని పేరు మార్చారు. అక్కడి నుంచి ఓడెక్కితే హేవ్‌లాక్. దాని పేరు 2018లోనే స్వరాజ్ ద్వీప్ అయింది. కొత్త పేర్లు బోర్డుల మీద ఉన్నాయి, పాతవి జనం నోళ్లలో ఉన్నాయి. ఓడ మాత్రం రెంటికీ ఒకే టైముకి వెళుతోంది.

భాష రాని చోటని మా ఆవిడ భయపడింది గానీ, పోర్ట్ బ్లెయిర్ బజార్లో మొదట వినబడ్డది శ్రీకాకుళం యాస. 2011 జనాభా లెక్కల్లో ఆ దీవుల్లో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు నూటికి 13 మంది. చేపలమ్మే ఆవిడ మా ఆవిడతో అరగంట బేరమాడింది. కొనేది లేదని ఇద్దరికీ తెలుసు. అయినా ఎవరూ తగ్గలేదు.

రిసార్టులో అడుగుపెట్టగానే ఒకబ్బాయి చల్లటి తడిగుడ్డ, కొబ్బరినీళ్లు ఇచ్చాడు. ఎంతని అడిగాను. "కాంప్లిమెంటరీ సర్" అన్నాడు. ఆ మాట వింటే నాకు భయం. కొట్టు నడిపేవాణ్ని కదా, ఊరికే ఇచ్చేది దేని ధరలో కలిసిందో వెతుక్కుంటాను. గది రేటు చూశాక దొరికింది.

గదికి తాటాకు కప్పు, కర్ర స్తంభాలు. టీవీ లేదు. స్నానాలగదికి కప్పే లేదు. ఆకాశం కింద స్నానం చేయడం అక్కడి ప్రత్యేకతట. మా ఆవిడ ఆ గది మధ్యలో నిలబడి పైకి చూసింది. మా ఊళ్లో సరిగ్గా ఇలాంటిదే ఉంటే, పదేళ్లు పోట్లాడి దానిమీద స్లాబు వేయించుకున్న మనిషి ఆవిడ. ఏమీ అనలేదు. గొడుగు వేసుకుని స్నానానికి వెళ్లింది.

మంచం మీద తువ్వాలును హంసలా మడిచి పెట్టారు. దాన్ని విప్పడానికి ఆవిడకు మనసొప్పలేదు. ఉన్నన్నాళ్లూ ఇద్దరం నా కండువాతో తుడుచుకున్నాం, హంస మాత్రం కిటికీ పక్కన దర్జాగా సముద్రం చూసింది. దిండ్లకు మెనూ కార్డు ఉంది: మెత్తనిది, గట్టిది, మెడనొప్పిది. నేను గట్టిది అడిగితే, "తలకా సర్, నడుముకా?" అన్నారు. ఇన్నేళ్లలో నన్ను ఇంత వివరంగా ప్రశ్నించింది పోలీసు చెక్‌పోస్టు వాళ్లే.

పొద్దున బఫే. ధర ముందే కట్టేశాక మనిషిలో బాకీ వసూలు చేసేవాడు నిద్రలేస్తాడు. పేరు తెలియని పళ్లు, పేరు తెలిసినా నోరు తిరగని రొట్టెలు తిన్నాను. మా ఆవిడ ఓ మూలనున్న ఇడ్లీ దగ్గర ఆగిపోయి, సాంబారులో పులుపు చాలలేదని వంటవాణ్ని పిలిపించింది. మర్నాటికి సరిచేశాడు. ఆ రిసార్టులో మా వంతు అభివృద్ధి అది.

సాయంత్రం రాధానగర్ బీచ్ చూద్దామని కాస్త కునుకు తీసి లేచేసరికి చీకటి. గడియారంలో ఇంకా ఆరు కాలేదు. దేశమంతటికీ గడియారం 82.5 డిగ్రీల రేఖాంశం దగ్గర కట్టారు. మా దోర్నపాల్ దానికి దగ్గర్లోనే ఉంది, సూర్యుడు మా మాట వింటాడు. అండమాన్ ఇంకో పది డిగ్రీల పైచిలుకు తూర్పున ఉంది. అక్కడ అదే గడియారంతో శీతాకాలం అయిదింటికల్లా పొద్దుగూకుతుంది. మర్నాడు మధ్యాహ్నమే వెళ్లి కూర్చున్నాం. 2004లో టైమ్ పత్రిక ఆసియాలోకెల్లా మేటి బీచ్ అని మెచ్చుకున్న తీరం అది. మా ఆవిడ గవ్వలు ఏరుతుంటే కాపలా ఆయన వచ్చి, రాలిన పగడపు ముక్క కూడా ఇక్కణ్నుంచి తీసుకెళ్లకూడదన్నాడు. ఒక్కోటీ వెనక్కి వేయించి, లెక్క సరిపోయేదాకా కదల్లేదు.

మమ్మల్ని తిరిగి తెచ్చిన ఆటో డ్రైవరు బెంగాలీ. తూర్పు బెంగాల్ నుంచి కాందిశీకులుగా వచ్చినవాళ్లకు 1950లలో ఆ దీవిలో అడవి కొట్టి భూములిచ్చారట, వాళ్ల తాత వాళ్లలో ఒకడు. మాది ఎక్కడని అడిగాడు. దోర్నపాల్ అంటే తెలియదు. శబరి అవతల మల్కన్‌గిరి అనగానే బండి ఆపేశాడు. వాళ్ల చిన్నతాత ఉన్నది అక్కడే! 1958లో మొదలైన దండకారణ్య ప్రాజెక్టు కింద అలాంటి కుటుంబాలనే మా అడవుల్లోకీ తెచ్చారు. మల్కన్‌గిరిలో వాళ్ల ఊళ్లకు పేర్లు కూడా పెట్టలేదు, ఎం.వి. అని ఒక్కోదానికి ఒక నంబరు ఇచ్చారు. అన్న సముద్రం మధ్యకు, తమ్ముడు అడవి మధ్యకు. గదికి నంబరు ఇచ్చినట్టే ఊరికీ ఇచ్చారు, చెక్‌అవుట్ టైము మాత్రం చెప్పలేదు.

ఆ మాటకొస్తే మా ఊరూ అంతే. 2005 తర్వాత, మావోయిస్టుల మీద సల్వాజుడుం నడిచిన రోజుల్లో, లోపలి గూడేల నుంచి వేలమంది దోర్నపాల్ శిబిరానికి వచ్చారు. కొన్నాళ్లకే అన్నారు. చాలామందికి ఆ కొన్నాళ్లు ఇంకా పూర్తికాలేదు.

అప్పుడు తెలిసింది ఆ రిసార్టు ఏం అమ్ముతోందో. తాటాకు కప్పు, నిశ్శబ్దం, సిగ్నల్ లేని ఫోను, నాలుగు వైపులా నీళ్లు. ఇవి మాకు ఏటా వానాకాలంలో దండిగా దొరుకుతాయి, ఎవడూ రూపాయి ఇవ్వడు. ఆ ధర అంతా గది తలుపు వెనక అంటించిన చిన్న కాగితానిది: ఉదయం 11 గంటలకు ఖాళీ చేయవలెను.

బయల్దేరేముందు అభిప్రాయాల ఫారం ఇచ్చారు. మీకు అన్నిటికంటే నచ్చినదేమిటి అన్న చోట, "11 గంటలకు పంపించేయడం" అని రాశాను. మేనేజరు అది చదివి కంగారుపడ్డాడు. సార్‌కు కోపం వచ్చిందనుకున్నాడు. చేతులు కట్టుకుని, మధ్యాహ్నం రెండింటిదాకా ఉండండి, భోజనం కూడా కాంప్లిమెంటరీ అన్నాడు.

అది కోపం కాదని నేను వివరించబోయేలోగా మా ఆవిడ పెట్టె విప్పేసింది.