మ్యాపింగ్ రాయుడు

మ్యాపింగ్ రాయుడు ఇంటి స్టూడియోలతో పాటు పుట్టిన మనిషి. కంప్యూటర్లోని మ్యూజిక్ సాఫ్ట్‌వేర్‌లో కనిపించే మీటలన్నిటినీ బల్ల మీదున్న కంట్రోలర్ నాబ్‌లకు ముడిపెట్టడం ఇతని ప్రధాన వ్యాపకం. జీతం వచ్చే ఉద్యోగం వేరే ఉంటుంది. నివాసం సాధారణంగా మియాపూర్ వైపో మధురవాడ వైపో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్. పిల్లల చదువు గది అని చెప్పి కప్‌బోర్డులు చేయించిన గదిలో గోడలకు నల్ల ఫోమ్ ముక్కలు, తలుపు వెనక ఇస్త్రీకి వెళ్లాల్సిన బట్టల మూట, మధ్యలో రాయుడు. ఇతను పాట మొదలుపెట్టడానికి సిద్ధంగానే ఉంటాడు, సెటప్ ఒక్కటి కుదరాలి అంతే. పరిశీలనకు దొరికిన రాయుళ్లలో ఒకరు వ్యాసకర్తకు దగ్గరి చుట్టమే కావడం వల్ల వివరాలు కాస్త విపులంగా అందాయి.

ముడిపెట్టడం అనే పని నిజానికి చాలా చిన్నది. నాబ్ తిప్పగానే యూఎస్‌బీ వైరు గుండా కంప్యూటర్‌కి మూడు సంగతులు చేరతాయి: ఏ ఛానల్, ఏ కంట్రోలర్ నంబరు, ఎంత విలువ. ఆ విలువ 0 నుంచి 127 వరకు ఉంటుంది. ఆబ్లెటన్ లైవ్‌లో కంట్రోల్, ఎం కలిపి నొక్కితే మ్యాప్ చేయదగ్గవన్నీ తెర మీద నీలం రంగుకి మారతాయి. కావలసిన మీట మీద ఒక క్లిక్, చేతి కింద నాబ్ ఒక్కసారి తిప్పడం, అయిపోయింది. ఎఫ్ఎల్ స్టూడియోలో అయితే రైట్ క్లిక్ కొట్టి లింక్ టు కంట్రోలర్ అనాలి. పది సెకన్ల పని. దీన్ని దసరా నుంచి సంక్రాంతి దాకా లాక్కురావడంలోనే రాయుడి ప్రతిభంతా ఉంది.

లాగడానికి అతనికి మొదట దొరికేది చరిత్ర. నాబ్‌లూ కంప్యూటరూ మాట్లాడుకునే భాష పేరు మిడీ. 1983 జనవరిలో అమెరికాలో జరిగిన నామ్ ప్రదర్శనలో సీక్వెన్షియల్ కంపెనీ సింథసైజర్ ప్రాఫెట్-600నీ, రోలాండ్ వారి జూపిటర్-6నీ వైరుతో కలిపి, ఒకటి వాయిస్తే రెండోది పలికేలా చేసి చూపించారు. పోటీ కంపెనీలను ఒక మాట మీదికి తెచ్చినందుకు సీక్వెన్షియల్‌కు చెందిన డేవ్ స్మిత్‌కీ, రోలాండ్‌కు చెందిన ఇకుతారో కకెహాషికీ 2013లో టెక్నికల్ గ్రామీ ఇచ్చారు. ఈ పాఠం పూర్తిగా వినకుండా ఆ ఇంట్లో ఎవరికీ కాఫీ రాదు. కంట్రోలర్ నంబర్లు కూడా అతనికి కంఠతా వచ్చు. 1 మాడ్యులేషన్ వీల్, 7 వాల్యూమ్, 10 ప్యాన్, 11 ఎక్స్‌ప్రెషన్, 64 సస్టెయిన్ పెడల్, 74 ఫిల్టర్ కటాఫ్. తన ఫ్లాట్ నంబరు 710 కాబట్టి అది వాల్యూమూ ప్యానూ కలిసి వచ్చిన ఇల్లని లిఫ్టులో కలిసిన వాళ్లకి చెబుతుంటాడు. వాళ్లు తల ఊపి ఆరో అంతస్తులోనే దిగిపోతారు.

120 నుంచి 127 దాకా నంబర్లను మిడీ వేరే పనులకి కేటాయించింది. మిగిలినవి ఛానల్‌కి 120. ఛానళ్లు 16. వెరసి 1920 మీటలు ముడిపెట్టుకోవచ్చని రాయుడు లెక్క తేల్చాడు. తిప్పడానికి చేతులు మాత్రం రెండే.

తర్వాతి ఘట్టం లేబుళ్లు. ఏ నాబ్ ఏం చేస్తుందో రాసుకోకపోతే వారం తిరిగేసరికి మర్చిపోతారు, ఇందులో తప్పు పట్టాల్సింది ఏమీ లేదు. అందరూ మాస్కింగ్ టేపు ముక్క అంటించి పెన్నుతో గీకి ఊరుకుంటారు. రాయుడు టేపుని స్కేలు పెట్టి బ్లేడుతో కోస్తాడు. నాబ్‌కీ నాబ్‌కీ మధ్య రెండు వేళ్ల ఎడం కూడా ఉండదు కాబట్టి ‘రెజొనెన్స్’ అనే మాట అక్కడ పట్టదు. ‘రెజ్’ అని కుదిస్తాడు. పక్కనే ‘రివర్బ్’ కూడా ‘రెవ్’ అయి కూర్చుంటుంది. నీలం సిరా ఫిల్టర్‌కి, ఎరుపు ఎన్వలప్‌కి, ఆకుపచ్చ ఎఫెక్టులకి. మూడో వరుసలో నాలుగో నాబ్‌కి ఏ రంగు వెయ్యాలన్నది ఇంకా తేలలేదు. అది ఫిల్టర్‌ని కదిపే ఎన్వలప్ కాబట్టి నీలమా ఎరుపా అన్నది శాస్త్రచర్చ. చివరికి ఊదా పెన్ను కోసం రాత్రి పదింటికి బండి తీశాడు.

సంక్రాంతికి వచ్చిన మామగారు ఈ వైభవమంతా నిలబడి చూశారు. రిటైరైన లెక్కల మాస్టారు, పొదుపుగా మాట్లాడే మనిషి. ‘‘అల్లుడుగారూ, అన్నీ బాగానే ఉన్నాయి. పాట దేన్ని తిప్పితే వస్తుంది?’’ అని అడిగారు. రాయుడు నొచ్చుకోలేదు. ‘‘ముందు టేకోవర్ మోడ్ తేలాలి మావయ్యగారూ’’ అన్నాడు. టేకోవర్ మోడ్ అంటే ఏమిటో ఆయన అడగకపోయినా చెప్పాడు.

అది నిజంగానే చెప్పుకోవాల్సిన సంగతి. మామూలు నాబ్‌కి మొదలూ చివరా ఉంటాయి. పొద్దున ఒక పాటలో దాన్ని పూర్తిగా పైకి తిప్పి వదిలేశాం. రాత్రి ఇంకో పాట తెరిస్తే అందులో అదే మీట అడుగున ఉంటుంది. ఇప్పుడు నాబ్‌ని వేలితో తాకితే చాలు, తెర మీద విలువ అడుగు నుంచి నెత్తికి ఒక్క గెంతు గెంతుతుంది, అది వాల్యూమ్ అయితే ఇంట్లో అందరూ లేస్తారు. దీనికి మందు పికప్ పద్ధతి: నాబ్ తిరిగి తిరిగి అసలు విలువ దగ్గరికి వచ్చేదాకా సాఫ్ట్‌వేర్ దాని మాట వినదు. వాల్యూ స్కేలింగ్ ఇంకో పద్ధతి, రెండింటి మధ్య తేడాని మెల్లమెల్లగా తగ్గించుకుంటూ వస్తుంది. మూడోది అసలు ఆద్యంతాలే లేని ఎన్‌కోడర్ కొనుక్కోవడం. ఎన్ని చుట్లు తిప్పినా తిరుగుతూనే ఉంటుంది కాబట్టి గెంతే గొడవ తగ్గుతుంది. రాయుళ్లలో పికప్ వారు, ఎన్‌కోడర్ వారు అని రెండు మతాలున్నాయి. వీళ్లని ఒకే పెళ్లిలో పక్కపక్కన విస్తళ్లలో కూర్చోబెట్టకూడదు.

మతం మారినప్పుడల్లా పెట్టె కూడా మారుతుంది. మొదట కోర్గ్ నానోకంట్రోల్ 2 వచ్చింది: ఎనిమిది ఫేడర్లు, ఎనిమిది నాబ్‌లు. చాలలేదు. 24 నాబ్‌లున్న అకాయ్ మిడీ మిక్స్ వచ్చింది. ఇదే ఆఖరిదని ఇల్లాలికి మాటిచ్చాడు. ఆ తర్వాత ఎవరో అమ్మకానికి పెట్టిన పాత బెహ్రింగర్ బీసీఆర్2000 కనబడింది, 32 ఎన్‌కోడర్లు, ఒక్కోదాని చుట్టూ లైట్ల వలయం. కొత్తది కొనలేదు కదా అన్నది అతని వాదన. ప్రస్తుతం మిడీ 2.0 వస్తువుల కోసం ఎదురుచూస్తున్నాడు. 2020లో వెలువడిన ఈ ప్రమాణంలో కంట్రోలర్ విలువలు 128 మెట్లకి బదులు 429 కోట్ల పైచిలుకు మెట్లలో కదలగలవు. కటాఫ్ తిప్పేటప్పుడు 128 మెట్లయితే ఒక్కోసారి మెట్టు మెట్టూ గరగరమని వినబడే మాట నిజమే. అయితే అది వినబడాలన్నా ముందు ఏదో ఒకటి మోగుతూ ఉండాలి.

పనిచేసే వాళ్ల బల్లలు దీనికి పూర్తిగా విరుద్ధంగా ఉంటాయి. సినిమా పాటలకి పనిచేసే ఒక ప్రోగ్రామర్ స్టూడియోకి రాయుడు ఒకసారి వెళ్లాడు. అక్కడ ఒక కీబోర్డు, మౌస్, చల్లారిన టీ గ్లాసు, రెండు ఫేడర్లు. వయొలిన్ల శాంపిల్ లైబ్రరీ వాయిస్తూ కుడిచేత్తో స్వరం, ఎడమచేత్తో ఆ రెండు ఫేడర్లు. ఒకటి కంట్రోలర్ నంబరు 1, ఇంకోటి 11. మొదటిది పైకి వెళ్తుంటే కమాను బలంగా పడినట్టు నాదం చిక్కబడుతుంది, రెండోది ఆ మొత్తాన్ని ఉబ్బించి దించుతుంది. చిన్న బిట్టు రెండు టేకుల్లో ముగిసింది. రాయుడు వాయిద్యం గురించి ఏమీ అడగలేదు. ‘‘మిగతావన్నీ మౌస్‌తోనేనా?’’ అన్నాడు జాలిగా. వచ్చేముందు ఆ ఫేడర్లకి లేబుళ్లు అంటించి పెడతానన్నాడు. ఆయన వద్దన్నాడు.

సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ రోజు రాయుడి ఇంట్లో గొంతులు తగ్గుతాయి. ఒక్కోసారి కొత్త వెర్షన్‌లో పాత ప్లగిన్ తెరుచుకోదు, దానికి కట్టిన ముడులన్నీ ఊడిపోతాయి. అసలు మ్యాపింగ్‌ని టెంప్లేట్‌గా దాచుకోవాలని అందరికీ బోధించేది ఇతనే, ఇతని దగ్గరా టెంప్లేట్లకి లోటు లేదు. ‘ఫైనల్’, ‘ఫైనల్ కొత్తది’, ‘ఇదే ఫైనల్’, ‘వాడొద్దు’ అనే పేర్లతో ఉన్నాయి. పనిచేసేది ‘వాడొద్దు’. ఆ సంగతి తెలిసేసరికి మిగతావాటిలో ఏదో ఒకదాని మీద మళ్లీ మొదలుపెట్టి ఉంటాడు, మొహంలో మాత్రం ఎక్కడా విచారం ఉండదు.

ఇంత చెప్పినా, స్టేజి ఎక్కేవాళ్లకి రాయుడు దేవుడే. పెళ్లి సంగీత్‌లో వాయించే కుర్రాళ్ల బ్యాండు ఒకటి ఇతన్ని ముందుగా పిలిపించుకుంటుంది. హడావిడిలో ఫిల్టర్ నాబ్ పూర్తిగా మూసుకుపోతే పాట గొంతు నొక్కినట్టు మాయమవుతుంది. డిలే ఫీడ్‌బ్యాక్ చివరిదాకా వెళ్తే ప్రతిధ్వని ఆగకుండా పెరిగి హాలంతా హోరెత్తుతుంది. రాయుడు షామియానా వెనక ఇనప ట్రంకు పెట్టె మీద లాప్‌టాప్ పెట్టుకుని ప్రతి నాబ్‌కీ కిందా మీదా హద్దులు గీస్తాడు. ఫిల్టర్ సగానికంటే కిందికి దిగదు, ఫీడ్‌బ్యాక్ 70 శాతం దాటదు. కీబోర్డు కుర్రాణ్ణి ఎదురుగా నిలబెట్టి, ‘‘చరణం దగ్గర నీ ఎడమ చెయ్యి ఎక్కడుంటుందిరా?’’ అని అడిగి, ఆ చెయ్యి పడే చోట ఉన్న నాబ్‌కే రివర్బ్ కడతాడు. పాట కట్టేవాళ్లలో చాలామందికి ఈ ప్రశ్న తోచదు. ఆ రాత్రి ఎవరెంత అడ్డదిడ్డంగా తిప్పినా ఏదీ పాడవదు. ప్రోగ్రాం మొదలయ్యేసరికి రాయుడు భోజనాల దగ్గర ఉంటాడు.

ఇతని సొంత పాటలు ఇప్పటికి రెండు. ఒకటి తమ్ముడి పెళ్లి వీడియోకి, ఇంకోటి అపార్ట్‌మెంట్ వినాయక చవితికి. గడువు మీద పడటంతో రెండూ మౌస్‌తోనే పూర్తయ్యాయి. రెండూ బాగున్నాయి, రెండోదయితే నిమజ్జనం దాకా రోజూ మైకులో వేశారు.

కొత్తగా కంట్రోలర్ కొన్నవాళ్లు రాయుణ్ణి నిస్సంకోచంగా పిలుచుకోవచ్చు. డబ్బు తీసుకోడు, కాఫీ చాలు. ఎనిమిది నాబ్‌లు అయ్యాక మాత్రం చెయ్యి పట్టుకుని ఆపండి. టేపు ఉందా అని అడుగుతాడు, ఉన్నా లేదని చెప్పండి.