గింజ మిగిలిందండోయ్!

చదరంగం కనిపెట్టినవాడు రాజుగారిని కోరిన బహుమానం కథ అందరికీ తెలిసిందే. మొదటి గడిలో ఒక బియ్యపు గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా 64 గడులూ నింపమన్నాడు. రాజుగారు సరేనన్నారు. దర్బారులో నర్తకీమణులున్నారు గానీ లెక్కల మాస్టారు లేడన్నమాట. మొత్తం 1,84,46,74,40,73,70,95,51,615 గింజలు! పైకి చదివేవారు మధ్యలో మంచినీళ్లు తాగాలి.

గణితకవి పావులూరి మల్లన పేరుమీద చెలామణిలో ఉన్న ఒక తెలుగు పద్యం ఈ ఇరవై అంకెలనూ భూతసంఖ్యల్లో ఇమిడ్చేసింది. శరమంటే 5, చంద్రుడంటే 1, వేదమంటే 4. ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి వెనక్కి పోవాలి. ఛందస్సూ తప్పలేదు, అంకే తప్పలేదు. నాలుగంకెల ఏటీఎం పిన్ను చీటీ రాసి పర్సులో దాచుకునే మా తరం ఆ పద్యానికి సాష్టాంగపడాలి.

గ్రాముకు 50 గింజలనుకుంటే ఇది సుమారు 37 వేల కోట్ల టన్నులు. ప్రపంచమంతా ఏడాదికి పండించే బియ్యం 50 కోట్ల టన్నుల పైమాటే గనుక, దాదాపు ఏడు వందల ఏళ్ల పంట. ఇక్కడ అందరూ నోరెళ్లబెట్టి కథ ముగిస్తారు. నా బెంగ ఇక్కడే మొదలవుతుంది. బహుమానం అందుకున్న పెద్దాయన పోయాక పంపకాలెలాగ?

ఇద్దరు కొడుకులనుకోండి. ఒక గింజ మిగులుతుంది. ప్రతి గడిలోనూ వెనకటి గడులన్నిటి మొత్తం కంటే ఒక్క గింజ ఎక్కువ ఉంటుంది కాబట్టి, మొత్తం ఎప్పుడూ బేసే. ఆ ఒక్కటీ ఎవరిది? గట్టుమీది కొబ్బరిచెట్టు కోసం మా తాతగారూ చినతాతగారూ మునసబు కోర్టు చుట్టూ ఏళ్ల తరబడి తిరిగారు. కాబట్టి గింజే కదా అని మాత్రం నాతో అనకండి. ముగ్గురైతే సమంగా వస్తుంది. నలుగురైతే మూడు మిగులుతాయి, అంటే నాలుగోవాడు అలుగుతాడు. ఏడుగురైతే మళ్లీ ఒక్కటి.

పాండవులు ఐదుగురికీ గింజ తేడా రాదు. కౌరవులు నూరుగురికి 15 మిగులుతాయి. పోనీ అందరూ కలిసి పంచుకుందామంటే, 105 మందికీ అదే 15! సూదిమొన మోపినంత నేల ఇవ్వనన్నవాడు పదిహేను గింజలు వదులుతాడా?

ఇక 641 మంది వాటాదారులొస్తే? మన సంఖ్య 3, 5, 17, 257, 65537, 4294967297 అనే ఆరింటి లబ్ధం. 17వ శతాబ్దపు గణితజ్ఞుడు ఫెర్మా, ఆ చివరిదీ ప్రధాన సంఖ్యేనని నమ్మాడు. ఆయన ఉద్యోగం తులూజ్ న్యాయస్థానంలో! పాపం ఆ 641 మందీ ఆయన దగ్గరికి వెళ్లి ఉంటే దావా కొట్టేసేవాడు. 1732లో మరో గణితజ్ఞుడు ఆయిలర్ వచ్చి అది 641, 6700417ల లబ్ధమని తేల్చాడు, అంటే 641 మందికీ సమంగానే వస్తుంది. ఆ చివరి సంఖ్య కారణాంకాన్ని దేన్నైనా 64తో భాగిస్తే 1 మిగలాలని కూడా తర్వాత నిరూపించాడు. ఆ లెక్కన ప్రధాన సంఖ్యల్లో 193, 257, 449, 577 తలుపులు తట్టి చూస్తే, ఐదోదే 641. ఫెర్మా ఇంకాస్త ఓపిక పట్టాల్సింది.

పోనీ, రాజుగారే కరుణించి ఇంకో గింజ వేస్తే? ఇద్దరు, నలుగురు, ఎనిమిది మంది ఉన్న ఇళ్లలో గొడవ చల్లారుతుంది. కానీ ముగ్గురికీ, 17 మందికీ, 641 మందికీ ఇప్పుడు తలా ఒక తగువు, ఒక్కో గింజ మిగులు. అప్పటిదాకా పొత్తు తప్పని పాండవులు సైతం ప్లీడరు గుమస్తాను వెతుక్కుంటూ బయల్దేరాలి.